ఉప్పు దిగేదాకా: ఒక ఫుల్టన్ మిలిటరీ టార్చి కేస్ స్టడీ

ఈ టార్చి నా చేతికి వచ్చినప్పుడు అడుగు మూత తిప్పితే తిరగలేదు, ఊపితే లోపల కదలిక లేదు, బరువు మాత్రం నిండుగా ఉంది. పాత టార్చిలు బాగుచేసేవాళ్లకి ఈ మూడూ కలిపి ఒక్కటే చెబుతాయి, లోపల బ్యాటరీలు కారి, ఉబ్బి, గొట్టానికి అతుక్కుపోయాయని. విశాఖ వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గరి సందులో ఒక పాత సామాన్ల కొట్టుంది. ఓడల మీంచి దిగిన దీపాలు, వాల్వులు, తాళ్లు, గడియారాల డొక్కులు అన్నీ గుట్టగా పడుంటాయి. అక్కడ ఒక నూనె డబ్బా అడుగున దొరికింది. "అది ఎలగదు బావూ, లోపల అతుక్కుపోనాయి, ఏటి చేసుకుంతారు?" అన్నాడు కొట్టాయన. అతుక్కుపోవడం వల్లే నాకు అది కావాలనిపించింది. వెలిగే టార్చి అయితే ఈపాటికి ఎవరో ఒకరు విప్పి, బల్బు మార్చి, స్విచ్చి గీకి, పోయిన ముక్క బదులు ఇంకో ముక్క పెట్టేసి ఉండేవాళ్లు. ఇది ఆఖరిసారి బ్యాటరీలు వేసిన రోజు నుంచి ఎవరి చెయ్యీ పడకుండా ఉంది. 250 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను.

సరుకు గురించి ముందు చెప్తాను. మెడ దగ్గర తొంభై డిగ్రీలు వంగి, గొట్టం నిటారుగా నిలబడి, వెలుతురు ముందుకి పడే ఆకుపచ్చ ప్లాస్టిక్ టార్చి. వెనక క్లిప్పు ఉంటుంది, బెల్టుకో చొక్కా జేబుకో తగిలించుకుంటే రెండు చేతులూ ఖాళీ. అమెరికన్ సైన్యంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి టీఎల్-122 దీని పెద్దన్న. అది మొదట ఇత్తడితో చేసేవాళ్లు, యుద్ధంలో తూటా గొట్టాలకి ఇత్తడి కావాల్సి వచ్చి ప్లాస్టిక్‌లోకి మారింది. ఆ వరసలో తర్వాత వచ్చిందే ఎంఎక్స్-991/యు, వియత్నాం ఫొటోల్లో సైనికుల భుజం పట్టీకి తగిలించి కనిపించేది ఇదే. నా దాని ఒంటి మీద ఆ నంబరుతో పాటు ఫుల్టన్ కంపెనీ పేరు అచ్చులోనే పోసి ఉంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని వాసియన్ అనే ఊరిది ఆ కంపెనీ. దీనికి నకళ్లు బోలెడు, ఆన్‌లైన్‌లో కొత్తవే దొరుకుతాయి, ఆకారం అచ్చం ఇలాగే ఉంటుంది. కొనేముందు తయారీదారు పేరు ప్లాస్టిక్‌లో అచ్చుగా ఉందో లేదో చూడండి. నంబరు ఒక్కటే చూసి మోసపోయినవాళ్లని నేను ఎరుగుదును.

నేను ఈ పనిలోకి వచ్చింది హుద్‌హుద్ తర్వాత. 2014 అక్టోబరు 12న తుపాను ఊరి మీద పడి, రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లన్నీ చచ్చిపోయిన సమయంలో అమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి నాన్నగారి ఇత్తడి టార్చి తీసింది. కొత్త బ్యాటరీలు వేస్తే వెలిగింది. ఆ ఆనందంలో తర్వాత దాన్ని మెరిపించాలని కూర్చుని, ఇత్తడి పాలిష్ పెట్టి ఒంటితో పాటు లోపలి రిఫ్లెక్టరు కూడా తోమేశాను. రిఫ్లెక్టరు మీద ఉన్న తెల్లటి పూత వెంట్రుకవాసి మందం కూడా ఉండదు, గుడ్డతో రెండుసార్లు తిప్పితే పోయి కింద పచ్చటి ఇత్తడి బయటపడింది. నాన్నగారు ముప్ఫై ఏళ్లు వాడి చెడగొట్టని దాన్ని నేను పది నిమిషాల్లో చెడగొట్టాను, ఆ టార్చి ఇప్పటికీ పసుపు వెలుతురే ఇస్తుంది. అందుకే ఈ ఫుల్టన్ విషయంలో మొదటే నిర్ణయించుకున్నాను, మెరుపు నా పని కాదు. లోపల తినేస్తున్నది ఏమిటో కనుక్కుని దాన్ని ఆపడం, కరెంటు దారి బాగుచేయడం, ఈ రెండే.

తినేస్తున్నది ఏమిటో తెలియకుండా మందు వెయ్యకూడదు. చాలామంది కారిన బ్యాటరీ అనగానే వెనిగరు పోసేస్తారు. ఆల్కలైన్ బ్యాటరీ కారితే వచ్చేది క్షారం, పొడి తెల్లటి చిట్టు కడుతుంది, దానికి వెనిగరో నిమ్మరసమో సరైన మందే. పాత మామూలు జింక్-కార్బన్ బ్యాటరీ కారితే వచ్చేది ఆమ్ల గుణం ఉన్నది, దాని మీద మళ్లీ ఆమ్లం పోస్తే రోగానికి రోగం కలిపినట్టే. నా టార్చి అడుగు మూత అంచున నల్లగా, గోధుమరంగుగా జిగురు ఎండి ఉంది, దాని చుట్టూ ఆకుపచ్చ చిలుము. సైకిలు ట్యూబు ముక్క చుట్టి పట్టు దొరికించుకుని, చెయ్యి పట్టేంత గోరువెచ్చని నీళ్లలో అరగంట ముంచి, అరగంట తిప్పి, ఇలా ఒక మధ్యాహ్నం పోయాక మూత కదిలింది. లోపల కనిపించిన బ్యాటరీ అడుగున రేకు మీద సగం చెరిగిన హిందీ అక్షరాలు ఉన్నాయి. అంటే ఆఖరున ఇది మన దేశంలోనే వాడిన టార్చి, లోపలివి మన మామూలు జింక్-కార్బన్ బ్యాటరీలు. ఆ రేకు ముక్కని ఎండబెట్టి కవర్లో దాచాను. ఈ టార్చి చరిత్రలో నేను రుజువుతో చెప్పగలిగిన భాగం అదొక్కటే, మిగతా కథలు అల్లి అమ్మేవాళ్లకి వదిలేస్తాను.

ఆ బ్యాటరీ లోపల ఉండేది నవాసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడ్. చిన్నప్పుడు మా వీధిలోకి కళాయి వేసే అతను వచ్చేవాడు, ఎర్రగా కాలిన గిన్నెలో తెల్లటి పొడి చల్లగానే గుప్పున తెల్లటి పొగ లేచేది, ముక్కు అదిరిపోయేది. అదే పదార్థం. 1866లో ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ లెక్లాంషే చేసిన బ్యాటరీలో ఉన్నది నవాసాగరం నీళ్లే, తర్వాత దాన్ని ముద్దగా చేసి జింకు డబ్బాలో కూరితే మన టార్చి బ్యాటరీ అయింది. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏమిటంటే ఆ జింకు డబ్బా ఒట్టి డబ్బా కాదు, అదే నెగెటివ్ ధ్రువం, వాడేకొద్దీ అదే కరుగుతుంది. కరిగి చిల్లు పడితే లోపలి ఉప్పు బయటికి వస్తుంది. బ్యాటరీ అయిపోయాక టార్చిలో వదిలేస్తే జరిగేది అదే.

తీయడం దగ్గర తొందరపడ్డవాళ్లే టార్చి పగలగొట్టుకుంటారు. సుత్తి, వేడి, థిన్నరు, ఈ మూడూ ప్లాస్టిక్ టార్చి దగ్గరికి రానివ్వద్దు. ఉప్పు చేపని వండేముందు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోస్తాం కదా, నేను చేసింది సరిగ్గా అదే. గోరువెచ్చని నీళ్లు గొట్టంలో పోసి నిలబెట్టడం, గంటకోసారి మార్చడం. మొదటి రోజు సాయంత్రానికి కింది బ్యాటరీ అంచు చుట్టూ సన్నటి సందు తెలిసింది. అడుగు రేకులోకి ఒక పొడుగాటి మర మేకు నాలుగు చుట్లు దిగేలా తిప్పి, దాని తల ప్లేయరుతో పట్టి, లాగకుండా, కుడికీ ఎడమకీ చిన్నగా తిప్పుతూ ఉంటే కింది బ్యాటరీ మొత్తంగా వచ్చేసింది. పైది రాలేదు. దాని అడుగు మేకుతో పాటు ఊడి వచ్చి, లోపల నల్లటి ముద్ద, మధ్యలో బొగ్గు కడ్డీ మిగిలాయి. ఆ నల్లది మాంగనీస్ డయాక్సైడ్, పొడిగా గీకితే లేచి ముక్కులోకి పోతుంది, మంచిది కాదు. తడిగానే ఉంచి, చేతులకి గ్లవుజులు వేసుకుని, ఐస్‌క్రీం పుల్ల చెక్కి దాంతో కొంచెం కొంచెంగా తవ్వాను. ఇనప పరికరం వాడితే గొట్టం పక్కగా దిగే ఇత్తడి పట్టీ గీసుకుపోతుంది, ఆ పట్టీ పోతే టార్చి పోయినట్టే. ముద్ద అంతా వచ్చాక జింకు డబ్బా ఖాళీ గుల్లలా మిగిలింది. దాని అంచుని సన్నమూతి ప్లేయరుతో పట్టి లోపలికి మడుస్తూ వస్తే, అరటి పువ్వు రేకులు ఊడినట్టు, పట్టు వదిలి పొరగా చేతిలోకి వచ్చింది. మొత్తం మూడు రోజులు పట్టింది, గొట్టంలో ఒక్క గీత పడలేదు.

ఇప్పుడు వంటసోడా సంగతి. ఆమ్లానికి విరుగుడు సోడా అని అందరూ చెబుతారు, నిజమే. అయితే నవాసాగరం ఉన్నచోట సోడా వేస్తే కొద్దిగా అమ్మోనియా పుడుతుంది, దగ్గరగా వాసన చూస్తే ఘాటు తెలుస్తుంది. ఇత్తడికి అమ్మోనియా పడదు. దీని మీద మన దేశంలోనే పెద్ద పాఠం ఉంది. బ్రిటిష్ సైన్యం వాళ్ల ఇత్తడి తూటా గొట్టాలు వర్షాకాలంలో నిలవ ఉంచితే వాటంతట అవే పగుళ్లిచ్చేవి, గుర్రపుసాలల గాలిలో ఉండే అమ్మోనియా, వంచి సాగదీసిన ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి చేసిన పని అని 1921లో తేల్చారు. టార్చి లోపలి కాంటాక్టు రేకు కూడా వంచి బిగువు మీద ఉంచిన ఇత్తడే. ఇంతకుముందు ఒక టార్చిలో చిలుము పట్టిన రేకుని కొంచెం పైకి వంచుదామని గోరుతో ఎత్తితే బిస్కెట్ విరిగినట్టు విరిగింది, అప్పుడు గానీ ఆ తూటాల సంగతి ఎంత నిజమో నాకు ఎక్కలేదు. అందుకని ముందు ఒట్టి నీళ్లతో వీలైనంత ఉప్పు దింపేసి, ఆఖరున మాత్రమే పల్చటి సోడా నీళ్లు ఐదు నిమిషాలు, వెంటనే మళ్లీ కడుగు. రేకుల్ని వంచే పని పెట్టుకోలేదు.

ఉప్పు దిగిందని ఎలా తెలుస్తుంది? కంటికి శుభ్రంగా కనిపించడం లెక్కలోకి రాదు. వాటర్ ప్యూరిఫయరు మెకానిక్కులు వాడే, నీళ్లలో ఉప్పులు ఎంత కరిగి ఉన్నాయో చూపించే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి, ఈ పనిలో నేను పెట్టిన ఖర్చుల్లో అంత ఉపయోగపడింది ఇంకోటి లేదు. ఇన్వర్టరు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ గొట్టంలో పోసి, గంట ఆగి, ఆ నీళ్లు గ్లాసులోకి వంచి మీటరు ముంచాలి. డబ్బాలో 4 చూపించిన నీళ్లు మొదటి కడుగులో 310 చూపించాయి. రెండోసారి 140, తర్వాత 60, అలా తగ్గుతూ ఏడో కడుగుకి 7కి వచ్చింది. అప్పుడు ఆపాను.

స్ప్రింగు ఇనుముది, సగం తుప్పు. దాన్ని విడిగా తీసి వెనిగరులో ఒక రాత్రి, బ్రష్షుతో తోమి, కడిగి, ఆరబెట్టి, పైన సిలికాన్ గ్రీజు చెయ్యితో పూశాను. సన్నబడింది కానీ బిగువు ఉంది. కొత్త స్ప్రింగు వెయ్యొచ్చు కదా అని మా బావమరిది అడిగాడు. వెయ్యొచ్చు, పాతది పని చేయనప్పుడు.

తర్వాతది కరెంటు దారి, నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. దీని బల్బు పీఆర్-6, 2.47 వోల్టులు, 0.3 ఆంపియర్లు. పాత బల్బు కాలిపోలేదు, తీగ తెగలేదు, కానీ దాన్ని పరీక్షలకి వాడకుండా పక్కన పెట్టి అదే నంబరు ఇంకోటి వేశాను. చార్జింగు చేసుకునే చిన్న బ్యాటరీలు రెండు పెద్ద సైజు తొడుగుల్లో పెట్టి వెలిగిస్తే ఎర్రటి నీరసపు వెలుతురు వచ్చింది. బ్యాటరీల దగ్గర వెలుగుతుండగా 2.5 వోల్టులు, బల్బు దగ్గర 1.9. మధ్యలో 0.6 వోల్టు ఎక్కడో మాయమవుతోంది. ఇది చిన్న లెక్కలా కనిపిస్తుంది కానీ తీగ బల్బుకి వోల్టేజి పదోవంతు తగ్గితేనే వెలుతురు దాదాపు మూడోవంతు పడిపోతుంది, ఇంత తగ్గితే సగం కూడా మిగలదు. ఇక్కడ మల్టీమీటరుని ఓమ్స్‌లో పెట్టి వెతికితే ఏమీ దొరకదు, ఇంత చిన్న రెసిస్టెన్సు మీటరు వైర్లలోనే ఉంటుంది. బల్బు వెలుగుతుండగానే మీటరుని మిల్లీవోల్టుల్లో పెట్టి ఒక్కో అతుకుకి అటూ ఇటూ మొనలు ఆనించాలి. స్ప్రింగు నుంచి పట్టీకి 70, పట్టీ రివెట్టు దగ్గర 50, బల్బు పట్టు దగ్గర 70. స్విచ్చి దగ్గర 410 మిల్లీవోల్టులు. దొంగ దొరికాడు.

ఈ స్విచ్చిలో మూడు స్థానాలుంటాయి. కింద ఆపు, పైన వెలుగు, మధ్యలో పెడితే పక్కనున్న బొత్తాం నొక్కినంతసేపే వెలుగుతుంది, మోర్స్ సంకేతాలకి అన్నమాట. పొరపాటున చెయ్యి తగిలి వెలగకుండా చుట్టూ ప్లాస్టిక్ గోడలు కట్టారు, శత్రువు దగ్గర చీకట్లో పొరపాటున వెలిగితే ఏమవుతుందో ఊహించుకోండి. ఈ స్విచ్చిని రివెట్లతో బిగించారు, విప్పాలంటే రివెట్లు డ్రిల్లు చెయ్యాలి, అది నేను చెయ్యను. సిరంజితో సోడా నీళ్లు లోపలికి కొట్టి, తర్వాత మంచి నీళ్లు కొట్టి, కాంటాక్ట్ క్లీనరు చల్లి, జారుడు బొత్తాన్ని ఒక యాభైసార్లు పైకీ కిందికీ ఆడించాను. 410 కాస్తా 45కి దిగింది. మిగతా అతుకులు కూడా తుడిస్తే బల్బు దగ్గర 2.38 వచ్చింది, తెల్లటి వెలుతురు గోడ మీద గుండ్రంగా పడింది. అది జూన్ రెండో వారం.

జూలై మొదట్లో ముసురు పట్టింది. మాది లాసన్స్ బే కాలనీ, సముద్రపు గాలి తిన్నగా ఇంట్లోకే కొడుతుంది, కిటికీ ఊచలకి ఏడాదికోసారి పెయింటు వేసినా నిలవదు. టార్చి తీసి నొక్కితే మిణుకు మిణుకుమంది. బల్బు దగ్గర 2.1, స్విచ్చి దగ్గర మళ్లీ దాదాపు 300. భూతద్దం పెట్టి చూస్తే బొత్తాం అంచున సన్నటి తెల్లటి పొడి. నవాసాగరం కాదు, నేను కొట్టిన వంటసోడాయే. గొట్టాన్ని ఏడుసార్లు కడిగి మీటరు పెట్టి చూసినవాణ్ణి, స్విచ్చిని మాత్రం రెండు సిరంజిల నీళ్లతో సరిపెట్టేశాను, అది మూసి ఉన్న గది అని, లోపల పోసింది తిరిగి బయటికి రావడం కష్టమని ఆలోచించలేదు. మందు మిగిలిపోతే అదీ ఉప్పే. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి టార్చి మొత్తం డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, నీళ్లలోనే బొత్తాం ఆడించి, ఆ నీళ్లకి మీటరు పెడితే 95. ఐదు కడుగుల తర్వాత 6. ఆఖరున స్పిరిట్టు ఒక్కసారి కొట్టి, ఎండలో కాకుండా ఫ్యాను కింద రెండు రోజులు, తర్వాత తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత ఉన్న డబ్బాలో వారం. అప్పుడు స్విచ్చి 30, బల్బు 2.40.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. లెన్సు రింగు కింది రబ్బరు, అడుగు మూత రబ్బరు గట్టిపడి ముక్కలయ్యాయి, గాజువాక ఆటోనగర్లో హైడ్రాలిక్ సీళ్లు అమ్మే కొట్లో కొలత పెట్టి నైట్రైల్ రబ్బరు ఓ-రింగులు తెచ్చాను. వాటికి సిలికాన్ గ్రీజు రాస్తే చాలు, మామూలు రబ్బరు ఉన్న పాత టార్చిలకైతే వాజలీన్ మాత్రం రాయకండి, ఉబ్బిపోతుంది. పాత రబ్బరు ముక్కలు కూడా కవర్లో ఉన్నాయి. రిఫ్లెక్టరుని గుడ్డతో ముట్టుకోలేదు, గాలి ఊదే రబ్బరు బుడ్డితో దుమ్ము ఊది వదిలేశాను, అంచున చిన్న మచ్చ ఉంది, ఉండనివ్వండి. ఒంటి మీద ప్లాస్టిక్ కొంచెం వెలిసింది, కుంకుడు రసంతో కడిగానంతే. ఎల్ఈడీ బల్బు పెట్టమని అడిగేవాళ్లకి ఒకటే మాట, వాడుకోవడానికి పెట్టుకోండి, దాచుకోవడానికి పాత తీగ బల్బే ఉంచండి, ఈ రిఫ్లెక్టరు చేసింది ఆ తీగ ఉండే చోటుని లెక్కపెట్టి.

అడుగు మూత కింద ఇంకో అర ఉంటుంది, రంగు ఫిల్టర్లు అందులో. ఎర్ర ఫిల్టరు ఎందుకో తెలిస్తే ఈ టార్చి మీద గౌరవం పెరుగుతుంది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్ల వెలుతురు పడితే అదంతా పోతుంది. చీకట్లో చూసే కణాలు ఎరుపుని దాదాపు పట్టించుకోవు, కాబట్టి ఎర్ర వెలుతురులో మ్యాపు చదివి తల ఎత్తితే చీకటి ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. చిక్కల్లా మ్యాపు మీద ఎర్ర గీతలు ఆ వెలుతురులో మాయమైపోతాయి. నా టార్చిలో ఎర్ర ఫిల్టరు ఉంది కానీ బ్యాటరీల ఒత్తిడికి మూత వంగినప్పుడు అదీ వంగి, ఒక పక్క సన్నగా పగిలింది. నీలం ఫిల్టరు బాగానే ఉంది, తెల్లది అసలు లేదు. అదనపు బల్బు పెట్టే చోటు ఖాళీ.

ఇప్పుడు ఈ టార్చి బ్యాటరీలు తీసి, సిలికా జెల్ డబ్బాలో, ఒక కార్డుతో పాటు ఉంటుంది. కార్డు మీద ఏ తేదీన ఏం మార్చానో, స్విచ్చి దగ్గర ఎన్ని మిల్లీవోల్టులో రాసి ఉంది. ఆగస్టులో 31, సెప్టెంబరులో 30, తుపాను గాలులు వీచిన నవంబరులో 33. ఎర్ర ప్లాస్టిక్ షీటు ఏదో ఒకటి గుండ్రంగా కత్తిరించి పెట్టడం అరగంట పని, బయటికి ఎవరికీ తెలియదు కూడా. పెట్టలేదు. పాత పోస్టాఫీసు కొట్టాయనకి ఫిల్టరు ఎలా ఉంటుందో కాగితం మీద గీసిచ్చి వచ్చాను, నెలకోసారి వెళ్లి నూనె డబ్బాలు వెతుకుతున్నాను.